హాలు పెరిగింది, ఫ్యాన్ పాయింటు మాత్రం ఒక్కటే

కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో డ్రాయింగ్ రూముకీ డైనింగుకీ మధ్య గోడ తీసేశారు. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు హాలు ఇప్పుడు మామూలే. స్లాబు వేసే రోజు మాత్రం ఎలక్ట్రీషియన్ నడిమధ్యన ఒక్క ఫ్యాన్ బాక్సు పెట్టి వెళ్ళిపోతాడు. మార్చి దాటాక ఇంటివాళ్ళు ఉక్కపోతని తిట్టుకుంటూ 'హై స్పీడ్' అని రాసివున్న ఫ్యాను కొనుక్కొస్తారు. తప్పు ఫ్యానుది కాదు, లెక్కది.

సీలింగ్ ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను త్వరగా ఆరేలా చేస్తుంది, అంతే. కాబట్టి గాలి మనిషి ఒంటికి తగలాలి. రెక్కల కింద గాలి దాదాపు రెక్కలు తిరిగే వలయం వెడల్పులోనే దిగి, నేలకు తగిలి, గోడల వైపు పాకుతుంది. ఫ్యాను నడిమధ్య నుంచి నాలుగైదు అడుగులు దాటితే కూర్చున్నవాళ్ళ ఎత్తులో దాని ఊపు బాగా పడిపోతుంది. పెద్ద హాల్లో ఫ్యాను కింద ఉండేదేమో టీపాయ్. సోఫాలు గోడల వారన ఉంటాయి. గాలంతా టీపాయ్‌కి, ఉక్కంతా చుట్టాలకి.

భవన నిర్మాణ ప్రమాణాలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ దీనికి ఓ తేలికైన లెక్క ఇచ్చింది. గది పొడవును మీటర్లలో తీసుకుని 55తో గుణిస్తే, నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి కదలాలో వస్తుంది. 24 అడుగులంటే 7.3 మీటర్లు, అంటే సుమారు 400 ఘనపు మీటర్లు. మార్కెట్లో దొరికే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను ఇచ్చేది 210 నుంచి 230 వరకు. 1400 మిల్లీమీటర్లది కొన్నా ఒక్కదానితో ఈ లెక్క తేలదు. రెండు ఫ్యాన్లు కావాలి. కొనేటప్పుడు ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చూసి మురిసిపోవడం మానేసి, పెట్టె మీద 'ఎయిర్ డెలివరీ' అని రాసిన అంకె చూడాలి. రెక్కల వంపు, వెడల్పు సరిగా లేకపోతే ఎంత వేగంగా తిరిగినా వచ్చేది చప్పుడే.

రెండు ఫ్యాన్లంటే కరెంటు బిల్లు రెట్టింపవుతుందనే భయం చాలామందిది. నిజానికి జరిగేది దాదాపు తలకిందులు. వేగం పెరిగినంతే గాలి పెరుగుతుంది, కానీ రెక్కలు తిప్పడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. రెండు ఫ్యాన్లను 70 శాతం వేగంతో తిప్పితే, పూర్తి వేగంతో తిరిగే ఒక్క ఫ్యాను కన్నా 40 శాతం ఎక్కువ గాలి కదులుతుంది, రెక్కలకు పట్టే శక్తి మాత్రం మూడింట రెండొంతులే. టీవీ మాటలు వినపడేంత నిశ్శబ్దం అదనం. అయితే ఈ ఆదా పూర్తిగా దక్కాలంటే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను ఉండాలి. పాతకాలపు పెద్ద రెగ్యులేటరు వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా మార్చి తనలోనే కాల్చేస్తుంది. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తాగితే బీఎల్‌డీసీది 28 నుంచి 35. అంటే ఇవి రెండు తిరిగినా పాతది ఒక్కటి తినేదానికి మించదు. ఓల్టేజీ పడిపోయే ఊళ్ళలో వేగం తగ్గకుండా తిరిగేవి కూడా ఇవే. బిగించేటప్పుడు పాత రెగ్యులేటరును లైనులోంచి తీసేయాలి. అది ఉండగానే రిమోట్‌తో నడిచే ఈ ఫ్యాను తగిలిస్తే లోపలి సర్క్యూటు బోర్డు దెబ్బతినవచ్చు.

రెండూ ఎక్కడ పెట్టాలి? పొడవును రెండు సమభాగాలు చేసి, ఒక్కో భాగం మధ్యన ఒకటి. 24 అడుగుల హాల్లో ఒక గోడ నుంచి 6 అడుగుల దగ్గర ఒకటి, 18 అడుగుల దగ్గర మరొకటి. సోఫా సెట్టు, డైనింగ్ టేబులు స్థలాలు ముందే ఖాయమైతే ఈ కొలతలను ఓ అడుగు అటూ ఇటూ జరుపుకోవచ్చు. గోడ లేని ఓపెన్ కిచెన్ అయితే డైనింగు ఫ్యాను గాలి పొయ్యి మంటను ఊపకుండా చూసుకోవాలి. అక్కడ సీలింగ్ ఫ్యాను కన్నా ఏడడుగుల ఎత్తులో పొయ్యికి వేరే వైపు తిరిగి ఉండే 16 అంగుళాల వాల్ ఫ్యాను మేలు.

ఇక ఫాల్స్ సీలింగ్ సంగతి. ఫ్యానుకి పైనుంచి గాలి అందాలి. రెక్కలకీ సీలింగుకీ మధ్య కనీసం అడుగు ఖాళీ లేకపోతే అది ఊపిరాడక గుండ్రంగా తిరుగుతుందే తప్ప గాలి దించదు. రెక్కలు నేల నుంచి 8 అడుగులకు తగ్గకూడదు. పది అడుగుల ఎత్తు గదిలో జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ దించి 9 అడుగులకు తెస్తే మిగిలేది సరిగ్గా ఈ అడుగు. ఇంకో ఆరంగుళాలు డిజైన్ పేరుతో దించారంటే ఫ్యాను పనికిరానట్టే. గోడల చుట్టూ మాత్రమే ఫాల్స్ సీలింగ్ చేయించి, నడుమ స్లాబును అలాగే వదిలేస్తే అందమూ ఉంటుంది, గాలీ వస్తుంది. స్పాట్ లైట్లు రెక్కల పైన పడకుండా జరపాలి. లేకపోతే వెలుతురు మిణుకుమిణుకుమంటుంది.

డూప్లెక్సుల్లో 20 అడుగుల ఎత్తున్న హాలుది వేరే బాధ. ఫ్యాను పైనే వేలాడితే కింద గాలి తెలియదు. రెక్కలు నేల నుంచి 10 అడుగుల ఎత్తుకు దిగాలంటే 9 అడుగుల దాకా డౌన్ రాడ్ (ఫ్యానును వేలాడదీసే గొట్టం) కావాలి. ఫ్యానుతో వచ్చే రాడ్‌ను వెల్డింగ్ చేసి పొడిగించడం ప్రమాదం. ఒకే ముక్కగా ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాడాలి, పైనా కిందా బోల్టులు ఊడకుండా స్ప్లిట్ పిన్నులు వేసి, ఆ పిన్నుల కాళ్ళు విడదీయాలి, వీటికి తోడు విడిగా ఒక స్టీలు తాడు హుక్కుకి కట్టాలి. పొడవాటి రాడ్ మీద కాస్త వంగిన రెక్క కూడా పెద్ద ఊపుగా కనిపిస్తుంది. అందుకే ఒక ఫ్యాను రెక్కలు ఇంకోదానికి కలిపేయకూడదు.

గాలిని తిప్పడం ఒక పని, వేడిని బయటికి పంపడం ఇంకో పని. తెలంగాణలో, రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడ్డాక బయట చల్లబడుతుంది, పగలంతా కాగిన స్లాబు మాత్రం లోపలికి వేడి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తులో సీలింగ్ ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. అక్కడ కావలసింది ఎగ్జాస్ట్. 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు సుమారు వెయ్యి ఘనపు మీటర్లు లాగుతుంది. పది అడుగుల ఎత్తు అనుకుంటే మన హాలు పరిమాణం 95 ఘనపు మీటర్లు. లెక్క ప్రకారం గంటకు పదిసార్లు గాలి మారాలి. దోమతెర, షట్టరు అడ్డం వల్ల నిజంగా వచ్చేది తక్కువ. దుమ్ము పట్టిన తెరైతే మరీ తక్కువ. ఎగ్జాస్ట్‌ను మెట్లగది పైన లేదా గోడ పైభాగాన పెట్టి, ఎదుటి వైపు కిటికీ తెరవాలి. పక్క కిటికీ తెరిస్తే గాలి అక్కడే లోపలికొచ్చి అక్కడే బయటికి పోతుంది, హాల్లో వేడి అలాగే ఉంటుంది. కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ వేస్తే బాత్‌రూముల వైపు నుంచి గాలిని, వాసనను లాక్కొస్తుంది. ఎగ్జాస్ట్ పెట్టే వీలు లేని అద్దె ఇంట్లో టేబుల్ ఫ్యానును కిటికీకి రెండు మూడు అడుగుల వెనక, బయటికి ముఖం పెట్టి నడపాలి. కిటికీని ఆనించి పెడితే అంత గాలి బయటికి పోదు.

కోస్తాలో రాత్రి కూడా తేమ తగ్గదు కాబట్టి ఈ ఎగ్జాస్ట్ లాభం తక్కువ. అక్కడ ఒంటికి తగిలే గాలి వేగమే దిక్కు, అంటే రెండు ఫ్యాన్ల లెక్క ఇంకా ముఖ్యం. గది లోపల వేడి 40 డిగ్రీలు దాటితే మాత్రం ఎక్కడైనా ఫ్యానును నమ్ముకోకూడదు. ఆ వేడిలో అది వడగాలిని ఒంటి మీదికి తోసి, శరీరాన్ని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వృద్ధులున్న ఇళ్ళలో హాల్లో ఒక థర్మామీటరు వేలాడదీయడం మంచిది.

స్లాబు ఇంకా పడని వాళ్ళకు పని సులువు: రెండో ఫ్యాన్ బాక్సు, దాని హుక్కు, ఒక పైపు. స్లాబు ఖర్చులో అది లెక్కలోకి రాని మొత్తం. స్లాబు వేసేసిన వాళ్ళు కాంక్రీటులోకి యాంకర్ ఫాస్టెనర్ (లోపల బిగుసుకునే బోల్టు) దిగ్గొట్టించి హుక్కు పెట్టించుకోవచ్చు, జిప్సమ్‌కి మాత్రం ఎప్పుడూ కాదు. బిగించాక సోఫా మూలల్లో కూర్చునే ఎత్తులో అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ నిట్టనిలువుగా లేస్తున్న మూలకి గాలి ఇంకా చేరలేదు.