స్క్రూడ్రైవర్ పటము గీసి భాగములు గుర్తింపుము

తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడికి, బళ్ళో వృత్తివిద్య కింద చెప్పే ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ రికార్డులో పదికి పది వచ్చాయి. స్క్రూడ్రైవర్ బొమ్మకి. పిడికి పసుపు రంగు, కడ్డీకి వెండి రంగు, స్కేలు పెట్టి గీసిన బాణాలు. ముచ్చటేసి, "ఎప్పుడైనా పట్టుకున్నావురా?" అన్నాను.

"లేదు మావయ్యా, బీరువాలో ఉంటుంది. తాళం హెడ్మాస్టర్ గారి దగ్గర."

సబబే. పిల్లల చేతికిస్తే అరిగిపోదూ?

ఆ బీరువా ఏడాదికి రెండుసార్లు తెరుస్తారు: తనిఖీకి, ఆయుధపూజకి. మొన్న పూజకి నేనూ వెళ్ళాను. మల్టీమీటర్‌కి కుంకుమ బొట్టు, సోల్డరింగ్ ఐరన్‌కి బంతిపూల దండ. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా హారతి వేళకి పైన ఫ్యాను ఆగింది. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులంతా తలెత్తి చూశారు. "పక్కకి జరగండ్రా, షాక్ కొడుతుంది!" అని కేకేసి, సారు బజారు నుంచి మెకానిక్‌ని పిలిపించారు. అదే బళ్ళో టెన్త్ తప్పిన కుర్రాడు. స్టూలెక్కి, కండెన్సర్ మార్చి, ఐదు నిమిషాల్లో ఫ్యాను తిప్పాడు. అతని స్క్రూడ్రైవర్‌కి బొట్టు లేదు. అయినా పనిచేసింది.

లక్ష్యాలకేం లోటు లేదు లెండి. ప్లస్ టూ పిల్లల్లో 1990కల్లా 10 శాతాన్ని, 1995కల్లా 25 శాతాన్ని వృత్తి కోర్సుల్లోకి తెస్తామంది 1986 జాతీయ విద్యా విధానం. 1992లో సవరించారు: శాతాలు అవే, గడువులు మాత్రం చెరో ఐదేళ్ళు పొడిగింపు. 2020 విధానం మరీ ఉదారం. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకి వృత్తివిద్యతో పరిచయం కలగాలట. పరిచయమంటే ఏముంది, బీరువా అద్దంలోంచి చూసినా పరిచయమే.

నేర్పాల్సిన ట్రైనర్ ఏజెన్సీ కింద కాంట్రాక్టు మనిషి. జీతం ఎప్పుడు పడుతుందో ఆయనకే తెలీదు. పిల్లలకి బతుకుదెరువు చూపించమని ఆయన్నే పంపుతాం!

ఇక మనం. "వీడికి చదువు రావట్లేదు, ఐటీఐలో పడేద్దాం" అంటాం. పడెయ్యడమేంటి? చెత్తకుండీయా అది? బోరు మోటారు కాలితే ఆ ఐటీఐ కుర్రాడికే పదిసార్లు ఫోన్ చేస్తాం. వచ్చాక గుమ్మం బయటే నిలబెట్టి యాభై రూపాయల దగ్గర బేరమాడతాం. సిగ్గుండాలి మనకి.

ఇదంతా ఆవేశంగా రాస్తుంటే నా కళ్ళజోడు స్క్రూ ఊడింది. పదికి పది తెచ్చుకున్నవాడు వంటింట్లోకి పరిగెత్తి కూరగాయల కత్తి తెచ్చాడు.