గిలక విరిగితే ఎక్స్‌రే వద్దు, స్కానింగ్ చాలు అంటున్న మెసేజ్ గురించి

నల్లగొండలో మా ఫిజియోథెరపీ గదికి వచ్చినవాళ్లలో ముగ్గురు ఈ మధ్య ఒకే వాట్సాప్ మెసేజ్ చూపించారు. నాలుగోసారి మిర్యాలగూడ నుంచి మా బామ్మర్దే పంపాడు, "బావా, ఇది నిజమేనా?" అని. అందులో ఉన్నది ఇంతే: కాలి గిలక (చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా తగిలే ఎముక) దగ్గర ఎముక విరిగితే ఎక్స్‌రే వద్దు, రేడియేషన్. అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒక్కటి చేయిస్తే ఎముక నిలుస్తుందో జారుతుందో తెలిసిపోతుంది. లిగమెంట్ (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ) తెగితే ఆపరేషనే. నడవగలిగితే అసలు విరగనట్టే.

రేడియేషన్ సంగతి ముందే తేల్చేద్దాం. చీలమండ ఎక్స్‌రేతో ఒంటికి తగిలేది సుమారు 0.001 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ను కొలిచే లెక్క). నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి సహజంగా తగిలేది ప్రపంచ సగటున 2.4. ఎక్స్‌రే తీయించుకోకుండా ఇంటి అరుగు మీద మూడు నాలుగు గంటలు కూర్చున్నా అంతే పడుతుంది.

అసలు చిక్కు రెండో మాటలో ఉంది, ఎందుకంటే అది సగం నిజం. చీలమండలో తాలస్ అనే ఎముక, లోపలి గిలకకూ బయటి గిలకకూ మధ్య పట్టకారు నోట్లో చిక్కినట్టు ఉంటుంది. కాలు మెలిక పడినప్పుడు ఎక్కువగా విరిగేది బయటి గిలక. లోపలి వైపు డెల్టాయిడ్ లిగమెంట్ గట్టిగా ఉంటే తాలస్ ఎటూ జరగదు, పిండికట్టుతోనో, చీలమండ కదలకుండా తొడిగే బూటుతోనో మానుతుంది. అది పూర్తిగా తెగితే తాలస్ బయటికి జారవచ్చు. జారితే ఏమవుతుంది? 1976లో అచ్చయిన ఒక ప్రయోగంలో తాలస్‌ను 1 మిల్లీమీటరు బయటికి జరిపితే కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం సగటున 42 శాతం తగ్గింది. ఆ తగ్గిన చోటే బరువంతా పడి కీలు అరుగుతుంది.

ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. లోపలి గిలకకూ తాలస్‌కూ మధ్య సందు 4 మిల్లీమీటర్లు దాటితే తెగి ఉండొచ్చని అనుమానిస్తారు. అనుమానం తీరకపోతే పాదాన్ని పక్కకు వేలాడదీసో, రోగిని నిలబెట్టో మళ్లీ తీస్తారు. అల్ట్రాసౌండ్‌లో మాత్రం ఆ లిగమెంట్‌నే నేరుగా చూడొచ్చు, పాదాన్ని కదుపుతూ కూడా. మెసేజ్‌లోని నిజం ఇక్కడిదాకానే.

శబ్దతరంగం ఎముకను దాటి పోదు, పైపొర దగ్గరే వెనక్కి తిరుగుతుంది. పైన పగులు కనిపించినా, అది కీలు లోపలికి పోయిందా, వెనక వైపు ముక్క లేచిందా, ఎన్ని ముక్కలయింది అన్నవి దాంతో సరిగా తేలవు. బయటి గిలక కీలు కంటే కింద విరిగిందా, సమంగానా, పైనా అన్నదాన్ని బట్టే డాక్టర్లు దాన్ని ఎ, బి, సి అని విడదీస్తారు. లిగమెంట్ గురించిన అనుమానం ఎక్కువగా వచ్చేది సమంగా విరిగిన బి రకంలో. అది బి రకమని చెప్పేదే ఎక్స్‌రే. ఎముక ఎక్కడ, ఎలా విరిగింది అన్నది మొదటి ప్రశ్న, లిగమెంట్ తెగిందా అన్నది రెండోది. రెండో ప్రశ్నకు జవాబిచ్చే పరీక్షను తెచ్చి మొదటి ప్రశ్న ముందు పెట్టింది ఈ మెసేజ్.

మన ఊళ్ల సంగతి కూడా చూడాలి. స్కానింగ్ సెంటర్ల గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు అందరం చూసిందే. లింగ నిర్ధారణను ఆపడానికి తెచ్చిన ఆ 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్‌ను రిజిస్టర్ చేయించాలి, ఇష్టమొచ్చిన చోటికి తిప్పడం కుదరదు. కడుపు స్కాన్‌కు వాడే ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరం) వేరు, చర్మం కిందే ఉండే లిగమెంట్‌కు వాడేది వేరు. చూసే కన్నుకూ విడిగా శిక్షణ కావాలి. వాచి నెత్తురు గడ్డకట్టిన కాల్లో అయితే మరీ కష్టం. ఇంకోటి, ఇది మన జిల్లా బాధ: మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు) ముదిరిన పెద్దవాళ్లలో లిగమెంట్లకు సున్నం పట్టి ఉండొచ్చు. సున్నం ఉన్నచోట స్కాన్‌లో వెనకంతా నీడ పడుతుంది.

లిగమెంట్ తెగితే ఆపరేషనే అన్నది రోగిని ఊరికే టెన్షన్ పెట్టే మాట. డెల్టాయిడ్‌కు పైపొర, లోపొర ఉంటాయి. తాలస్‌ను ఎక్కువగా పట్టి ఉంచేది లోపొర. కొంతే చిరిగిందా, మొత్తం తెగిందా అన్నది స్కాన్‌లో ప్రతిసారీ తేలదు. తెగినట్టు కనిపించినా, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కీలు కుదురుగా ఉంటే కొందరికి బూటు వేసి, వారం పది రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీసి చూస్తారు. రైసు మిల్లులో హమాలీ పని చేసే ఒకాయన స్కాన్ రిపోర్టులో "తెగింది" అన్న ముక్క చదివి, ఆపరేషన్‌కు అప్పు మాట్లాడుకుని మరీ వచ్చాడు. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే తాలస్ దాని చోట అది ఉంది. ఆపరేషన్ లేకుండానే మానింది.

ఇక నడవగలిగితే విరగలేదన్న మాట. చీలమండకు ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికి కెనడాలో 1992లో వచ్చిన ఆటవా నియమాల్లో నాలుగు అడుగులు వేయగలరా అన్న ప్రశ్న ఉన్నది నిజమే. కానీ దానితోపాటు రెండు గిలకల వెనక అంచున, కొసన, కింది 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కి చూడమని కూడా ఉంది. అక్కడ నొప్పి ఉంటే, నడిచినా ఎక్స్‌రే తీయాల్సిందే. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకైతే ఈ రెండూ పనికిరావు. విరిగిన కాలితోనే బస్సు దిగి, మెట్లెక్కి మా గదికి వస్తారు, వాపు తగ్గడం లేదని.