పాత పద్దు తేలకుండానే కొత్త ఆర్డరా?

తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాలకు మరో 113 ఇంజిన్లు కొనేందుకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్ఏఎల్) 2025 నవంబరు 7న అమెరికా కంపెనీ జీఈ, అంటే జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం చేసుకుంది. ఎన్ని ఇంజిన్లో ప్రకటనలో ఉంది. 2027 నుంచి 2032 వరకు అందుతాయనీ ఉంది. 2021లో ఇదే కంపెనీకి ఆర్డరిచ్చిన 99 ఇంజిన్ల సంగతి మాత్రం లేదు. ఆ 99లో అప్పటిదాకా మన దేశానికి చేరినవాటిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. పెళ్లికని ఇచ్చిన గుడ్డ పెళ్లయిపోయినా కుట్టివ్వని దర్జీకి పండగ బట్టలు కూడా తీసుకెళ్లి ఇచ్చే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఢిల్లీలో ఉంది.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. 2021 ఫిబ్రవరిలో సుమారు 48 వేల కోట్ల రూపాయలకు 83 మార్క్-1ఏ విమానాలకు హెచ్ఏఎల్‌తో రక్షణ శాఖ ఒప్పందం కుదిరింది. మొదటి విమానం 2024 మార్చికల్లా వాయుసేన చేతికి రావాలి. 2025 నవంబరు నాటికీ ఒక్కటీ రాలేదు. అయినా 2025 సెప్టెంబరు 25న 62,370 కోట్లతో మరో 97 విమానాలకు రక్షణ శాఖ సంతకం పెట్టింది. మర్నాడే చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికారు. వాయుసేనకు ఉండాల్సిన స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) 42, అప్పటికి మిగిలినవి 29. ఖాళీ అవుతున్న హ్యాంగర్లు ఒకవైపు, కాగితాల మీద పెరుగుతున్న విమానాలు ఇంకోవైపు.

విమానాన్ని ఈ ఇంజిన్ చుట్టూనే డిజైన్ చేశారు కాబట్టి ఇప్పుడు కంపెనీని మార్చలేమని, ముందుగా ఆర్డరివ్వకపోతే అక్కడి ప్రొడక్షన్ లైన్ మళ్లీ మూతపడుతుందని అధికారులు అంటున్నారు. కాదనం. ఇంజిన్లు కొనవద్దని ఈ పత్రిక చెప్పడం లేదు. పాత లెక్క ఏమైందో చెప్పి కొనమంటోంది.

ఆ లెక్క అడిగితే వేలు ఒక్క అమెరికా వైపే చూపించడం కుదరదు కాబట్టే ఎవరూ నోరు విప్పడం లేదని మా అనుమానం. తేజస్‌లో వాడే ఎఫ్404-ఐఎన్20 రకం ఇంజిన్ మన కోసమే మార్పులు చేసి తయారు చేసింది. తొలి విడత 65 ఇంజిన్లను జీఈ 2016 నాటికి ఇచ్చేసింది. మళ్లీ ఆర్డరు వచ్చే సూచన కనబడక లైన్ ఆపేసింది. విమాన ఇంజిన్ లైన్ ఆపడమంటే లైట్లు తీసి తాళం వేయడం కాదు. దాని వెనుక రకరకాల దేశాల్లో రకరకాల కంపెనీలు ఉంటాయి. ఒకరు టర్బైన్ బ్లేడ్లు పోస్తారు, ఒకరు ఫోర్జింగులు కొడతారు, ఇంకొకరు బేరింగులు, సీళ్లు ఇస్తారు. ఆర్డరు ఆగిన మరుక్షణం వాళ్లు ఆ యంత్రాలను వేరే పనికి తిప్పుకుంటారు. టూలింగ్, అంటే ఆ భాగాల కోసమే చేసిన అచ్చులు, పనిముట్లు గోదాముకు పోతాయి. చేయి తిరిగిన పనివాళ్లు రిటైరవుతారు, లేదా ఇంకో చోట చేరిపోతారు. అయిదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాలంటే ప్రతి భాగానికీ మొదటి నమూనా చేసి, కొలతలు తీసి, పరీక్షించి, సర్టిఫికెట్ సంపాదించాలి. వేల భాగాల్లో ఒక్కటి రాకపోయినా ఇంజిన్ బయటికి రాదు. ఇక్కడ 99 శాతం పూర్తయిన ఇంజిన్ అనేది ఉండదు.

పైగా ఈ సరఫరాదారులే పౌర విమానాలకూ భాగాలివ్వాలి. ఎయిర్‌బస్, బోయింగ్ విమానాలకు వెళ్లే లీప్ ఇంజిన్లను జీఈ, ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ కలిసి ఏటా వెయ్యికి పైగా తయారు చేస్తున్నాయి. కొవిడ్ తర్వాత ఆ ఇంజిన్ల కోసం ప్రపంచమంతా క్యూ కట్టింది. పోతపోసే ఫౌండ్రీ ముందు ఏటా వేల బ్లేడ్లు కొనే పౌర విమాన వ్యాపారమూ, అయిదేళ్లు కనబడకుండా పోయి ఇప్పుడు 99 ఇంజిన్లకు సరిపడా అడిగే మనమూ నిలబడితే, ముందు ఎవరి పని జరుగుతుందో చెప్పడానికి రక్షణ నిపుణులు అక్కర్లేదు.

ఇంతకీ ఆ అయిదేళ్లు మనం ఏం చేశాం? 83 విమానాల కొనుగోలుకు రక్షణ కొనుగోళ్ల మండలి పచ్చజెండా ఊపింది 2016 నవంబరులో. అంటే జీఈ చివరి ఇంజిన్లు ఇచ్చి లైన్ ఆపేసిన ఏడాదే! అవసరం ఉందని ఢిల్లీకి తెలుసు. ఆర్డరు ఉండదనుకుని అక్కడ లైన్ కట్టేశారు. నడుమ ఫైలు ధర దగ్గర ఆగి, ప్రమాణాల దగ్గర ఆగి, కమిటీల చుట్టూ తిరిగి 2021 ఫిబ్రవరికి సంతకం దాకా వచ్చింది. ఇంజిన్ల ఆర్డరు ఆ తర్వాత ఆగస్టులో. తీరా 2025 మార్చిలో తొలి ఇంజిన్ అందింది. ఈ కాలయాపనలో జీఈ వాటా ఎంత, మన మంత్రిత్వ శాఖ వాటా ఎంత, హెచ్ఏఎల్ వాటా ఎంత? లెక్క తేల్చకుండా మళ్లీ పెన్ను తీశారు.

హెచ్ఏఎల్‌ను కూడా వదలడానికి లేదు. ఆరు విమానాలు సిద్ధంగా ఉన్నాయి, ఇంజిన్లు రావడమే తరువాయి అని చైర్మన్ డీకే సునీల్ 2025 జూన్‌లో చెప్పారు. అంతకు ముందు ఫిబ్రవరిలో బెంగళూరు విమాన ప్రదర్శన ఏరో ఇండియా వేదికగా వాయుసేనాధిపతి ఏపీ సింగ్ తనకు హెచ్ఏఎల్ మీద నమ్మకం లేదని ఆ సంస్థ అధికారుల ముఖం మీదే అన్నారు. మే 29న ఢిల్లీలో పారిశ్రామికవేత్తల సదస్సులో ఇంకో అడుగు ముందుకేసి, సమయానికి పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటీ తనకు గుర్తు రావడం లేదన్నారు. సంతకం పెట్టేటప్పుడే ఆ వస్తువు రాదని తెలిసిన సందర్భాలున్నాయని కూడా చెప్పారు. ఒక దేశ వాయుసేనాధిపతి నోట ఇంతకన్నా కఠినమైన మాట ఏం రావాలి? నాలుగు నెలలు తిరక్కుండానే అదే సంస్థకు, అదే విమానానికి, అంతకంటే పెద్ద ఆర్డరు. గడువు తప్పితే ఏమవుతుందని రేపు ఏ కంపెనీ అయినా అడిగితే రక్షణ శాఖ నిజాయతీగా ఇవ్వగల జవాబు ఒక్కటే: ఇంకా పెద్ద ఆర్డరు వస్తుంది.

ఈ ఆనవాయితీయే మమ్మల్ని భయపెడుతున్నది. ఎందుకంటే ఇది అందరికీ వర్తించడం లేదు. హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి, కుషాయిగూడల్లోని చిన్న యూనిట్లను అడిగి చూడండి. విమాన భాగాల జాబ్ వర్క్ చేసే యజమాని బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి సీఎన్‌సీ యంత్రం కొంటాడు. రా మెటీరియల్ రావడం ఆలస్యమైనా, ఇన్‌స్పెక్టర్ రావడం ఆలస్యమైనా డెలివరీ తేదీ మాత్రం కదలదు. దాటితే ఎల్‌డీ (ఆలస్యపు జరిమానా) పేరుతో బిల్లులో కోత. వారానికి అర శాతం, గరిష్ఠంగా పది శాతం అన్నది రక్షణ కొనుగోళ్లలో ఏళ్లుగా నడుస్తున్న లెక్క. చిన్న యూనిట్‌కు మిగిలే లాభమే అంత ఉండదు. ఒక బ్రాకెట్ ఆలస్యమైతే వారాలు లెక్కపెట్టి కోసే వ్యవస్థ, ఇంజిన్ ఆలస్యమైతే నోరెత్తదెందుకు? జీఈ మీద జరిమానా నిబంధనను హెచ్ఏఎల్ ప్రయోగించిందని 2024లో వార్తలొచ్చాయి. మంచిదే. ఎంత వసూలు చేశారు? వసూలైతే ఆ మాట దాచుకోవడం దేనికి? కాకపోతే బాలానగర్ యజమానికి ఏం సమాధానం చెబుతారు?

విచిత్రమేమిటంటే ఈ విమానంలో మన తెలుగు గడ్డ చేయాల్సిన పని చేసింది. మార్క్-1ఏ మధ్య మొండెం, అంటే మధ్య ఫ్యూజిలేజ్‌ను హైదరాబాద్‌కు చెందిన వెమ్ టెక్నాలజీస్ తయారు చేసి మే 30న, అంటే వాయుసేనాధిపతి ఢిల్లీలో ఆ మాటలన్న మర్నాడే, హెచ్ఏఎల్‌కు అప్పగించింది. ఒక ప్రైవేటు సంస్థ తేజస్‌కు ఆ భాగం ఇవ్వడం అదే మొదలు. ఆదిభట్లలో టాటాల కర్మాగారాల నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు, బోయింగ్ 737ల తోక రెక్కలు, సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు అమెరికాకు వెళుతున్నాయి. రఫేల్ ఫ్యూజిలేజ్‌లు కూడా హైదరాబాద్‌లోనే చేస్తామని వాటిని తయారుచేసే ఫ్రెంచి కంపెనీ దసో, టాటా 2025 జూన్‌లో ప్రకటించాయి. విదేశీ కొనుగోలుదారుకు గడువులోగా, మిల్లీమీటరులో వందో వంతు తేడా లేకుండా సరుకు పంపగలిగిన చేతులు ఇవి. సొంత దేశపు విమానం దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు చేసిన భాగాలు షెడ్డులో ఇంజిన్ కోసం ఎదురుచూస్తున్నాయి. వడ్డీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇంజిన్ ఇచ్చేవాడి దయ మీద ఆధారపడితే ఏమవుతుందో మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు విధించి, తేజస్ ఫ్లైట్ కంట్రోల్ పనిలో ఉన్న సహకారాన్ని ఉన్నపళంగా తెంచేసింది. మన ఇంజినీర్లను వెనక్కి పంపేసింది. మనవాళ్లు పళ్లబిగువున సొంతంగా పూర్తి చేసి 2001 జనవరి 4న విమానాన్ని ఎగరేశారు. ఇంజిన్ విషయంలో మాత్రం ఆ పట్టుదల కనబడలేదు. 1989లో మంజూరైన స్వదేశీ కావేరి ఇంజిన్‌ను 2008లో తేజస్ నుంచి విడదీశారు. తేజస్ మార్క్-2 కోసం జీఈ-414 ఇంజిన్లను ఇక్కడే తయారు చేస్తామని 2023 జూన్‌లో వాషింగ్టన్‌లో ఘనంగా ప్రకటించారు. రెండేళ్లు దాటినా, 2025 నవంబరు నాటికీ చర్చలు సాగుతూనే ఉన్నాయి. 2025లో భీమవరం, కాకినాడ రొయ్యల మీద 50 శాతం సుంకం వేసిన దేశం నుంచే మన వాయుసేన గుండెకాయ రావాలి. అది దౌత్యం అనుకుందాం. కానీ ఆ దౌత్యంలో పాత 99 ఇంజిన్లకు తేదీల వారీ హామీ రాబట్టడానికి ఏమడ్డొచ్చింది?

మన నాయకుల తీరు చెప్పుకోకపోతే వెలితిగా ఉంటుంది. 2025లో బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో ఏరోస్పేస్ పార్కుకు భూసేకరణను కర్ణాటక ప్రభుత్వం వదులుకోగానే ఏరోస్పేస్ కంపెనీలను మా దగ్గరికి రమ్మని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ పిలిచారు. లేపాక్షి దగ్గర వేల ఎకరాలిస్తామన్న ప్రతిపాదన అంతకు ముందే ఢిల్లీ చేరింది. తెలంగాణ నేతలు ఆదిభట్లను చూపించుకోని పెట్టుబడుల సదస్సు లేదు. భూములివ్వండి, వద్దనం. ఆ పార్కుల్లో చేసిన భాగాలు విమానంలో ఎప్పుడు చేరుతాయి, 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకు డబ్బు అందుతోందా అని పార్లమెంటులో గట్టిగా నిలదీసిన తెలుగు ఎంపీలు ఎందరు? రిబ్బన్ కత్తిరించే రోజు ముందు వరసలో కనబడేవాళ్లు ప్రశ్నోత్తరాల గంటలో ఎక్కడుంటున్నారు?

2025 అక్టోబరు 17న నాసిక్‌లో కొత్త లైన్ నుంచి మార్క్-1ఏ ఎగిరినప్పుడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో జలఫిరంగులతో స్వాగతం పలికారు. పండగ చేసుకోవడాన్ని తప్పుపట్టం. అప్పటికి ఒక్క విమానం కూడా అందుకోని వాయుసేన తరఫున అడుగుతున్నాం. రక్షణ శాఖ పార్లమెంటు ముందు పెట్టాల్సిన వివరాలు పెద్దవేమీ కావు. 99 ఇంజిన్లలో ఏ నెలకు ఎన్ని వస్తాయి? ఇప్పటివరకూ ఎవరి నుంచి ఎంత జరిమానా రాబట్టారు? కొత్త 113 ఇంజిన్ల ఒప్పందంలో ఆలస్యానికి షరతు ఏమిటి, పాతదానికీ దీనికీ తేడా ఏమిటి? 2016 నుంచి 2021 దాకా ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుంది? దేశ భద్రత పేరు చెప్పి దాటవేయడానికి వీటిలో రహస్యమేమీ లేదు. శత్రువుకు మన స్క్వాడ్రన్ల సంఖ్య ఎలాగూ తెలుసు. తెలియకుండా దాచింది పన్ను కట్టే జనానికే.

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని రక్షణ శాఖకు మరో ఒప్పందం మీద సంతకం పెట్టే అర్హత లేదు. బాలానగర్‌లో చిన్న యూనిట్ బిల్లులో కోత పెట్టే అర్హత అసలే లేదు.