డ్రాయింగ్ సారు పోస్టు అడుగుదాం

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ, పసిపిల్లలకు భోగిపళ్లు, అన్నీ ముచ్చటగా జరిగాయి. భోజనాలయ్యాక ఊరి బడులకు సాయం గురించి మాట్లాడుకున్న దగ్గరే నా మనసు చివుక్కుమంది. అనంతపురం వైపు ఒక హైస్కూలుకు డిజిటల్ బోర్డులు కొనిద్దామన్నారు. సంతోషమే. ఆ బడిలో డ్రాయింగ్ టీచరు లేరు, ఆ పోస్టు సంగతి కూడా ప్రభుత్వంతో మాట్లాడదామని లేచి అడిగాను. వేదిక మీది పెద్దాయన "బొమ్మలు గీస్తే కూడు పెడతాయా అమ్మా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన వెనక తెర మీద లేపాక్షి నంది, అటూ ఇటూ నిమ్మలకుంట తోలుబొమ్మల దీపాలు.

మాది ధర్మవరం. మా ఊరికి కూడు పెట్టింది మగ్గం. ఆ మగ్గానికి పని పెట్టింది బొమ్మ. పట్టుచీర బార్డరులో నెమలి రావాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపాలి. ఆ గడులను చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గానికి బిగించే జకార్డు యంత్రం మీదికెక్కుతాయి. ఒక్క గడి తప్పితే బార్డరు పొడుగునా ప్రతి నెమలికీ ముక్కు విరిగినట్టే ఉంటుంది. అందుకే మంచి చేయి ఉన్నవాళ్ల దగ్గరికి షావుకార్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

మా బడిలో డ్రాయింగ్ సారు ఉండేవారు. బోర్డు మీద సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని ఒక్క విసురులో హంస మెడ గీసేవారు. ఒకసారి మమ్మల్ని లేపాక్షికి తీసుకెళ్లారు. అందరం వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే, సారు మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి మండపం పైకప్పు చూపించారు. విజయనగర రాజుల కాలం నాటి ఆ బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న చీరలు ఒకదానిలా ఒకటి ఉండవు. "మీ నాయన నేసే చీరలకు తాతలు అక్కడున్నారు, దించుకోండి" అన్నారు. నా పక్కన పడుకున్న మా క్లాసు అబ్బాయి, మగ్గం నేసేవాళ్ల కొడుకు, సాయంత్రం దాకా పెన్సిలు దించలేదు. కొన్నాళ్లకు అందులో ఒక అంచు వాళ్లింటి మగ్గం మీద చీరయి దిగింది.

ఆ అబ్బాయి ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసయ్యాడు. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చదవాలంటే హైదరాబాద్ పోవాలి, లేకుంటే విశాఖపట్నం. "అంత దూరం పోయి బొమ్మలు నేర్చుకునొస్తే ఈడ మగ్గం ఎవరు నేస్తారప్పా" అన్నాడు వాళ్ల నాయన. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఇంట్లో ఒక మనిషి వెళ్లిపోతే ఒక మగ్గం ఆగిపోతుంది. కానీ కాలేజీ దగ్గర్లో ఉండుంటే ఆ అబ్బాయి ఇవాళ పిల్లలకు పాఠం చెబుతూ ఉండేవాడని నా నమ్మకం.

దీన్ని ప్రభుత్వం మీదే ఎందుకు పెడుతున్నానంటే, మనం రంగులు కొనివ్వగలం, గది కట్టించగలం. పోస్టు సృష్టించలేం, టైంటేబుల్లో పీరియడ్ ఇవ్వలేం, డిగ్రీకి గుర్తింపు తేలేం. మన చందాతో జీతమిస్తే చందా ఆగిన నెలే సారు వెళ్లిపోతారు.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళలు నేర్పడానికి కనీసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. ఇక మన రాష్ట్రంలో టీచర్ల నియామకాలకు పెట్టిన 2025 మెగా డీఎస్సీ చూడండి. మొత్తం 16,347 పోస్టులు.  ప్రభుత్వం మొదట ప్రకటించిన విభాగాల లెక్కలో డ్రాయింగ్ టీచరుకు విడిగా ఒక్క వరస లేదు. లోయరు, హయ్యరు పరీక్షలు పెట్టేది ప్రభుత్వమే, సర్టిఫికెట్ ఇచ్చేదీ ప్రభుత్వమే. ఆ కాగితం పట్టుకుని పిల్లలు ఎక్కడికి పోవాలి?

పై చదువుల సంగతీ అంతే. రాష్ట్రం విడిపోయాక ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ హైదరాబాద్‌లో ఉండిపోయింది. 2015లో జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ వచ్చింది గానీ గుంటూరు వైపు పోయింది. 2020లో కడపకు ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఇచ్చినప్పుడు సీమ వాళ్లం ఎంత సంబరపడ్డామో! తీరా చూస్తే, అక్కడి ఆర్కిటెక్చర్ పిల్లలు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది. తలుపు తెరవక ముందే చూసుకోవాల్సిన పని అది. పిల్లల ఏళ్లు తిరిగిరావు.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదు. 1958లో అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులను పిలిపించి డిజైన్ చదువు మీద నివేదిక రాయించుకున్నది మన కేంద్ర ప్రభుత్వమే. మన ఇళ్లలో నీళ్లు ముంచుకునే చెంబును చూసి ఇంతకంటే మంచి డిజైన్ ఏముందని వాళ్లు మెచ్చుకున్నారు. ఆ నివేదిక మీదే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ నిలబడింది.

సీమకు ముందు నీళ్లు కావాలి, తర్వాతే బొమ్మలు అనేవాళ్లున్నారు. నీళ్ల కష్టం నాకూ తెలుసు, బిందెలు మోసిన ఇంటిదాన్నే. ఖజానాలో డబ్బు కటకట కూడా అబద్ధం కాదు. అయినా హైస్కూలుకు ఒక మాస్టారి జీతం ఎంత? 2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా ఫోన్లలో పంచుకుని మురిసిపోయాం. మేకతోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టి, దీపం వెలుగు సన్నగా దిగేలా ఉలితో చిల్లులు వేసే పని అది. ఇంటి దగ్గర నాయన నేర్పితే నేర్చుకున్నారు. ఆళ్లగడ్డ రాతి శిల్పులదీ అదే దారి. బడి మాత్రం ఈ విద్యను విద్య అనలేదు. మన ఇళ్లలోనూ అంతే. వాకిట్లో చుక్కలు తప్పకుండా అంత పెద్ద ముగ్గు వేసే అమ్మను చదువు రానిదనే అన్నాం.

మన మహాసభలకు మంత్రులొస్తారు. శాలువాలు కప్పుతాం, ఫోటోలు దిగుతాం, నేరుగా విమానం వేయించమని వినతిపత్రం ఇస్తాం. ఈసారి ఆ కాగితంలో మొదటి మాట ఇది ఉండనివ్వండి. ప్రతి ప్రభుత్వ హైస్కూలుకు డ్రాయింగ్ పోస్టు మంజూరు చేసి వచ్చే డీఎస్సీలో చూపించాలి. కడప యూనివర్సిటీకి గుర్తింపులు, పర్మినెంట్ అధ్యాపకులు, ధర్మవరం, నిమ్మలకుంట, ఆళ్లగడ్డ పనివాళ్లకు అక్కడ పాఠం చెప్పే చోటు కావాలి. కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు మన కార్యవర్గంలోనే చాలామంది ఉన్నారు. వినతిపత్రం నేను రాసి తెస్తాను. ఉగాది సభలో సంతకాలకు ఒక బల్ల వేసుకోనివ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.