జీడిపాకం మాటలోనే మిగిలింది

కోర్టు కేసు తేలకపోతే జీడిపాకం. టీవీ సీరియల్ ముగియకపోతే జీడిపాకం. పత్రికల్లో ఈ మాట అరిగిపోయేంతగా వాడతాం. ఆ పాకం సాగడం కళ్లారా చూసినవాళ్లెందరు? మా ఇంట్లో ఇంటర్ చదివే పిల్లను అడిగితే, జీడిపప్పుతో చేసే స్వీటా అంది.

చిన్ననాటి తిళ్ల మీద బెంగకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. రెండూ పెట్టెలో సర్దితే అమెరికా దాకా వెళ్తాయి. బెల్లంపాకం సాగదీసి చేసే జీడికి ఆ యోగం లేదు. లోపం రుచిలో లేదు, పాకంలోనే ఉంది.

కోనసీమలో ఒక తీర్థంలో, అంటే ఊరి జాతరలో, ఒకసారి దగ్గర నిలబడి చూశాను. ముదురుపాకం పట్టిన బెల్లాన్ని నూనె రాసిన పళ్లెంలో ఒంపి, చెయ్యి పట్టే వేడికి రాగానే గుంజకు కొట్టిన మేకుకు తగిలించాడు జీళ్లాయన. లాగడం, మళ్లీ మేకు మీదికి విసరడం, మళ్లీ లాగడం. నల్లటి ముద్ద గాలి చేరేకొద్దీ తేనెరంగుకొచ్చి, ఆపైన పట్టుదారంలా మెరిసింది. చల్లారితే విరుగుతుంది, తొందరపడితే చెయ్యి కాలుతుంది. మధ్యలో ఉన్నది కాసిని నిమిషాలే. ముక్కలు కత్తిరించి నువ్వుల్లో పొర్లించే పని ఆయన భార్యది. ఆ అరచేతులు చూశాక నాకు బేరమాడబుద్ధి కాలేదు. పక్కనున్నావిడ మాత్రం ఆడింది.

ఇంత చేసీ, చెమ్మ తగిలితే జీడి మెత్తబడి కాగితాన్ని వదలదు. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే అది కొట్లో సీసాలోకి ఎక్కలేదు, తీర్థాల వెంట తిరిగే సరుకయింది. జీళ్లు, ఖర్జూరం లేకుండా తీర్థం నుంచి వట్టిచేతులతో వస్తే పిల్లలు ఊరుకునేవారా?

చాక్లెట్టు వచ్చి జీడిని మింగేసిందంటారు. సగమే నిజం. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ కంపెనీ మహాలాక్టో, ఆశ చాక్లెట్లను మన పిల్లల జేబుల్లోకి తెచ్చింది. అక్కడ గెలిచింది పైన చుట్టిన కాగితం. చెమ్మ అంటదు, లెక్కపెట్టి ఇవ్వొచ్చు. చిల్లర లేదంటూ కిరాణా కొట్టువాడు చాక్లెట్టు చేతిలో పెడతాడు గానీ, జీడి ముక్క పెట్టలేడు కదా.

జీడికీ భౌగోళిక గుర్తింపు తెద్దామని కొందరంటారు. ఏ ఊరి పేరు పెడతాం? అది ప్రతి తీర్థానిదీ. పైగా ఆ గుర్తింపు కాపాడేది పేరుని, పాకం లాగే భుజాన్ని కాదు. తీర్థంలో జాగాలకు వేలం పెట్టేచోట ప్లాస్టిక్ బొమ్మల కొట్టుతో జీళ్లవాడు పోటీపడి పాడలేడు. కమిటీలు అతనికి పాట లేకుండా చోటిస్తే, అది సన్మానాల కంటే ఎక్కువ పనిచేస్తుందని నా లెక్క. పొయ్యికి నాలుగడుగులు, మేకు కొట్టుకోవడానికి ఒక గుంజ. ఆ దుకాణానికి అంతకుమించి అక్కర్లేదు.