సవరణ: కాల్వరీ సమాధులు కోల్మాకు ఎప్పుడు, ఎలా వెళ్లాయి

శాన్ ఫ్రాన్సిస్కోలోని పాత కథోలిక సమాధుల తోట కాల్వరీ గురించి పోయినవారం రాస్తూ, 1906 భూకంపం వల్ల దాన్ని పక్కనున్న కోల్మా ఊరికి తరలించారని, ప్రతి ఒక్కరి సమాధిరాయీ వెంట వెళ్లిందని చెప్పాను. రెండూ తప్పే. క్షమించండి.

నగరంలో ఖననాలు భూకంపానికి ముందే, 1901లో ఆగిపోయాయి. స్థలాల ధరలు పెరిగాక సమాధుల తోటలనే తీసేయాలన్న ఒత్తిడి మొదలైంది. 1860లో మొదలైన కాల్వరీని ఖాళీ చేసింది మాత్రం 1940 ప్రాంతంలో.

రాళ్ల విషయంలో నా పొరపాటు ఇంకా పెద్దది. ఖర్చు పెట్టుకోగలిగిన కుటుంబాలవాళ్లవే కదిలాయి. అడిగేవాళ్లు లేని దాదాపు 39 వేల మందిని కోల్మాలోని హోలీ క్రాస్ సమాధుల తోటలో ఒకేచోట కలిపి పాతిపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోను కట్టిన తొలితరం ఐరిష్ కూలీలు, వాళ్ల పిల్లలు అందులో ఎందరో. వాళ్లందరికీ రాయి ఉందనడం అన్యాయం.

అప్పట్లో నగరం తొలగించిన సమాధుల రాళ్లు సముద్రపు గట్లకు, పార్కు కాలువలకు పోయాయి. బ్యూనా విస్టా పార్కులో నడకదారి పక్క కాలువలోకి వంగి చూస్తే, ఆకుల కింద పాలరాతి ముక్కల మీద సగం అరిగిన అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.