ద్రాక్ష అనకూడదట

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం, బెంగళూరు దగ్గర నంది కొండల కింద ఒక కుటుంబం నడుపుకుంటున్న వైన్ తోటలో, పన్నెండు మంది చదువుకున్న తెలుగువాళ్ల మధ్య నా పరువు పోయింది. తోట పేరు చెప్పను. 1988లోనే ఇటువైపు వైన్‌కి దారి వేసిన గ్రోవర్ వాళ్లది మాత్రం కాదు, అంతవరకే. జరిగింది చిన్న విషయం. నా చేతికి గ్లాసు ఇచ్చారు. తిప్పమన్నారు, తిప్పాను. వాసన చూడమన్నారు, చూశాను. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించినట్టు తిప్పి, ఇప్పుడు మీకేం తెలుస్తోందో చెప్పండి, ఇందులో తప్పూ ఒప్పూ ఉండవు అన్నారు. నేను చెప్పాను. "ద్రాక్ష" అన్నాను.

ఉన్నదొకటే తప్పు సమాధానమట, సరిగ్గా అదే చెప్పాను.

నవ్వులు ఆగాక పోసే అబ్బాయి చాలా మర్యాదగా, "ద్రాక్ష కాకుండా ఇంకేమైనా చెప్పండి సార్" అన్నాడు. నా తోడల్లుడు, అంటే మా మరదలి భర్త, బెంగళూరు బెళ్లందూరులో ఉంటాడు, ఆన్‌లైన్‌లో ఆరు వారాల వైన్ కోర్సు చేశాడు, నా పరువు కాపాడదామని ముందుకొచ్చి కళ్లు మూసుకుని "తడిసిన తోలు" అన్నాడు. బల్లంతా తలలు ఊపింది. దాంతో అందరికీ ధైర్యం వచ్చేసింది. ఒకాయన పొగాకు అన్నాడు. ఒకావిడ వాన పడ్డ బండరాయి అంది. ఇంకొకాయన పెన్సిల్ చెక్కిన పొట్టు అన్నాడు, అదీ ఆమోదం పొందింది. చెప్పుల కొట్టూ, చుట్టల బడ్డీ, రాళ్ల క్వారీ, ఒకటో తరగతి గది, అన్నీ ఉన్నాయి ఆ గ్లాసులో. ద్రాక్ష మాత్రం లేదు. కిటికీలోంచి చూస్తే ఆ కొస దాకా ఉన్నది మరి ద్రాక్షే కదా!

మా తోడల్లుడు గ్లాసు తిప్పే విధానం గురించి కొంచెం చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ముందు గ్లాసుని కాడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటాడు. నేను పొట్ట దగ్గర పట్టుకుంటే "అన్నయ్యా, చేతి వేడి తగులుతుంది" అని నా వేళ్లు ఒక్కొక్కటే కిందికి జరిపాడు, చిన్నపిల్లాడికి పలక మీద అక్షరాలు దిద్దించినట్టు. తర్వాత బల్ల మీద ఆనించి మూడు సుళ్లు తిప్పాడు. ఎత్తి వెలుతురుకి పట్టి, గాజు లోపల కారుతున్న చారలు చూశాడు. వాటిని కాళ్లు అంటారట. "కాళ్లు బాగున్నాయి" అన్నాడు. పక్కనే కూర్చున్న మా మరదలు ఉలిక్కిపడి చీర సర్దుకుంది. తర్వాత ముక్కు మొత్తం గ్లాసులో పెట్టి ఊపిరి లాగాడు, జలుబుకి ఆవిరి పట్టినట్టు. నోట్లో పోసుకుని గాలి లోపలికి పీల్చాడు, ఆ చప్పుడు ఆషాఢంలో మా అపార్ట్‌మెంట్ డ్రైనేజీది. ఆఖరికి, వెయ్యి రూపాయలు కట్టి వచ్చినవాడు, దాన్ని స్టీలు బకెట్లో ఉమ్మేశాడు. ఇలా ఐదు సార్లు. పోసింది ఒక్కో రకం రెండు చెంచాల కన్నా కాస్త ఎక్కువ. మందు ముట్టని మా మామగారు చీజ్ ముక్కలు టూత్‌పిక్‌తో గుచ్చి తింటూ, బకెట్ వంక చూసి, "అల్లుడుగారికి ఒంట్లో బాలేదా?" అని మెల్లగా అడిగారు.

మామగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. తోలు, బండరాయి చర్చ విని ఆయనకి పాఠం గుర్తొచ్చేసింది. "కావ్యానికి పాకాలు చెప్పారు అల్లుడుగారూ. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం. ద్రాక్షంటే నోట్లో వేసుకోగానే అందేది. అరటిపండు తొక్క తీయాలి. కొబ్బరికాయకి పీచు లాగాలి, కొట్టాలి, కోరాలి. వీళ్లెవరో ద్రాక్షనే నారికేళపాకంలో వండుతున్నారు" అన్నారు. నాకు ఆ రోజు దొరికిన ఒకే ఒక్క ఓదార్పు అది.

అయినా అన్యాయంగా మాట్లాడకూడదు. ఈ వాసనలన్నీ కల్పన అనను. సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చి క్యాప్సికమ్ వాసన నిజంగా వస్తుంది, పిరజీన్లనే పదార్థాలు రెండింట్లోనూ ఉంటాయి. పాతబడిన రీస్లింగ్‌లో పెట్రోలు వాసన కూడా ఉత్తిదే కాదు, దానికీ ఒక రసాయనం ఉంది. నా గొడవ అది కాదు. వైన్‌లో ద్రాక్ష వాసన రావడం ఎందుకు నామోషీ అయింది అన్నది.

ఎందుకో తెలుసుకున్నాను. కోపం ఎక్కువైంది. మనం చిన్నప్పటి నుంచి తిన్న నల్ల ద్రాక్ష, వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి గుజ్జు ముద్దగా నోట్లోకి జారి, పంటికి రెండు గింజలు తగిలేది, అది బెంగళూర్ బ్లూ. ఈ జిల్లాల పంట. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అమెరికా ద్రాక్ష రక్తం ఉన్న ఇజబెల్లా జాతి. దాని ఘాటైన వాసనకి ఒక కారణం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. ద్రాక్ష చాక్లెట్లలో, ద్రాక్ష సోడాల్లో కలిపేది అదే, మల్లెపూల వాసనలోనూ కొంత ఉంటుంది. అంటే మల్లెపూల చుట్టం. దానికి వైన్ పండితులు పెట్టిన పేరు నక్క వాసన! అందని ద్రాక్ష పుల్లన అని పాపం నక్క ఒక్క మాట అన్నందుకు, ఇన్నాళ్లకి కంపంతా దాని పేరున రాశారు. ఫ్రాన్సులో 1934లో చట్టం చేసి మరీ ఇజబెల్లాని, ఇంకో ఐదు రకాలని వైన్‌కి పనికిరావన్నారు. అంతకుముందు పందొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు ఐరోపా తోటల వేళ్లు తినేస్తుంటే, వాళ్లు తమ తీగల్ని అంటు కట్టుకుంది అమెరికా వేళ్ల మీదే. వేళ్లు కావాలి, వాసన వద్దు.

ఇదంతా ఆ హాల్లో ఎవరూ చెప్పలేదు. నలభై నిమిషాలు చెప్పింది కుటుంబం కథ. గోడ మీద టోపీ పెట్టుకున్న తాతగారి ఫొటో, తాతగారి ఫ్రాన్సు ప్రయాణం, తాతగారి కల, పీపాల చెక్క ఏ అడవిదో, ఆ చెక్క ఎన్నాళ్లు ఎండిందో, చివరికి ఇంట్లో కుక్క పేరు. కుక్క పేరు మీద ఒక సీసా కూడా ఉంది. "ఇట్స్ ఆల్ ఫ్యామిలీ హియర్" అన్నాడు పోసే అబ్బాయి. వాడి మీద నాకు కోపం లేదు. తర్వాత పార్కింగ్‌లో ఫోన్‌లో "అన్నం తిన్యావా మా" అంటుంటే విన్నాను, అనంతపురం వైపు. లోపల పోసేవాడు తెలుగువాడు, తాగేవాళ్లం తెలుగువాళ్లం, గంటన్నర అందరం కలిసి ఇంగ్లీషులో బండరాళ్ల గురించి మాట్లాడుకున్నాం.

తెలుగు బయట వినిపించింది. తోటలో కోత నడుస్తోంది. ఎండెక్కకముందే అయిపోవాలి కాబట్టి ఆడవాళ్లు ఆఖరి వరసల్లో ఉన్నారు, చిన్న కత్తెరతో గుత్తి కాడ కోసి క్రేట్‌లో పెడుతున్నారు. మామగారు వాళ్ల మాట చెవిన పడగానే అటు నడిచారు, వెనకే నేను. చిక్కబళ్ళాపురం, కోలారు పల్లెల్లో తెలుగు మాట్లాడతారని తెలియనివాళ్లు బెంగళూరులో పదేళ్లుగా ఉన్నారు, అది వేరే సంగతి. ఒక పెద్దావిడ, వేళ్లు నల్లగా జిగురుగా ఉన్నాయి, పని ఆపకుండానే మాట్లాడింది.

"మాదీ తోటే ఉండెప్పా. నల్ల ద్రాక్ష. బోరు ఎండిపాయె. ఇంకోటి పన్నెండునూర్ల అడుగులు ఏపించినాం, నీళ్లు పడ్లే, దుమ్ము లేసింది. తీగలు పీకేసి ఈడికొస్తిమి."

ఎన్నేళ్లయింది అని మామగారు అడిగారు. పదకొండేళ్లట. ఇప్పుడు కోడలు కూడా ఇక్కడే. మరి ఈ వైన్ ఎప్పుడైనా రుచి చూశావా అని నేను అడిగాను, నాకు బుద్ధి లేక. ఆవిడ నవ్వి నన్నే అడిగింది, "ఎట్లుంటాది?"

నోటికొచ్చింది ఒకటే. "పుల్లగా ఉంటుందమ్మా."

"పుల్లగా యాల ఉంటాది? పండు బాగా మాగినాకనే కోస్తిమి కదా," అని గుత్తిలోంచి ఒక పండు తెంపి నా చేతిలో పెట్టింది. తియ్యగా ఉంది.

లోపల తలా వెయ్యి కట్టాం. ఆవిడ రెండు రోజుల కూలి కంటే ఎక్కువే. పోనీ, నా డబ్బు నా ఇష్టం అనుకుందాం. ఈ మట్టిలో ఖనిజం తెలుస్తోందని లోపల నాలుక చప్పరించినవాళ్లలో ఒక్కడికైనా ఈ మట్టి కింద ఏముందో తెలుసా? నీళ్లు లేవు. తోడగా తోడగా వచ్చే నీళ్లలో చాలా ఊళ్లలో ఫ్లోరైడు, పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది. ఏడాదంతా పారే నది ఒక్కటి లేదు ఈ చిక్కబళ్ళాపురం జిల్లాకి. చెరువులు నింపడానికి ప్రభుత్వం గొట్టాలు వేసి పంపేది ఏంటో తెలుసా, హెబ్బాళ, నాగవార వైపు మన బెంగళూరు మురుగు! మన బెళ్లందూరు వైపుది కోలారుకి పోతుంది. రెండు దశలు శుద్ధి చేసి వదులుతారు, మూడో దశ కూడా చెయ్యండయ్యా అని ఇక్కడి రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. మనం స్నానం చేసి, గిన్నెలు కడిగి, ఫ్లష్ కొట్టి పంపించింది వీళ్ల చెరువుల్లో ఇంకుతుంటే, వారాంతానికి కారేసుకొచ్చి వీళ్ల నేల వాసన చూస్తున్నాం, కళ్లు మూసుకుని! తడిసిన తోలట! ఎవడి తోలు? ఆ గోడ మీద తాతగారి ఫొటో పక్కన పదకొండేళ్లుగా ఎండలో కోస్తున్న అత్తాకోడళ్ల ఫొటో ఎందుకు లేదు, వాళ్లది కుటుంబం కాదా? కుక్కకి సీసా ఉంది కదా!

సరే. మామగారు నా చెయ్యి నొక్కారు, అరిచినట్టున్నాను.

తిరిగి వస్తుంటే దేవనహళ్లికి ముందు రోడ్డు పక్కన బుట్టల్లో బెంగళూర్ బ్లూ అమ్ముతున్నారు. రెండు కిలోలు కొన్నాను, బేరం ఆడలేదు. ఏసీ కారులో ఆ వాసన ఒక్కసారి నిండిపోయింది. వెనక సీట్లో మా తోడల్లుడు ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "అన్నయ్యా, గింజలు ఎక్కడ ఊయాలి?" అని అడిగాడు. బకెట్ లేదు మరి. జేబులో హాల్లో ఇచ్చిన కాగితం ఉంది, ఐదు గీతలు, ఒక్కో గీత పక్కన మనకి తెలిసిన రుచి రాయాలట, నావన్నీ ఖాళీ. అదే ఇచ్చాను. యలహంక వచ్చేసరికి నింపాడు.